కొబ్బరి పొట్టులో పశుగ్రాసపు నారు

(సంజామలలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మీరు నన్ను సాధారణంగా నగదు పుస్తకం ముందు, పాల సేకరణ రిజిస్టరు ముందు చూస్తుంటారు. ఈనాడు నారు పెంపకం గురించి మాట్లాడుతున్నానంటే కొందరికి వింతగా తోచవచ్చు. నేను వ్యవసాయ పట్టభద్రుణ్ణి కాను, సహకార డిప్లొమా చదివినవాణ్ణి. అయితే ఏ సంఘం పుస్తకం తెరిచినా రెండు సంగతులు పక్కపక్కనే కనిపిస్తాయి. వేసవి వచ్చేసరికి పాల పద్దు తగ్గుతుంది, దాణా బాకీ పద్దు పెరుగుతుంది. ఈ రెండింటి నడుమ కనిపించకుండా ఉన్నది పచ్చిమేత. పాల ఉత్పత్తి ఖర్చులో సగానికి మించి మేతకూ దాణాకే పోతుంది. పచ్చిమేత ఉన్న ఇంట్లో దాణా బస్తా నాలుగు రోజులు ఎక్కువ వస్తుంది. ఇది పాడి చేసే ప్రతి ఇల్లాలికీ తెలిసిన లెక్కే.

కాబట్టి పచ్చిమేత మొక్కలను విత్తనాల నుంచి, కణుపుల నుంచి, మట్టి వాడకుండా కొబ్బరి పొట్టులో ఎట్లా పెంచుకోవచ్చునో, అందులో సంఘం చేయవలసింది ఏమిటో మనవి చేస్తాను.

కసువు ఎందుకు కరువైంది?

సంజామల, నొస్సం, ఆకుమళ్ల, పేరుసోముల వైపు మన నల్లరేగడి చేలల్లో ఒకప్పుడు జొన్న పెద్ద పైరు. జొన్న ఇంటికి గింజ ఇచ్చేది, పశువుకు చొప్ప ఇచ్చేది. తక్కువ రోజుల్లో చేతికొచ్చే శనగ రకాలు, 1999లో విడుదలైన జె.జి.-11 వంటివి, వచ్చిన తరువాత రబీలో శనగ విస్తరించింది. 1906లో మొదలైన మన నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి కూడా మంచి శనగ రకాలు వచ్చాయి. యంత్రంతో కోయడానికి అనువైన ఎన్.బి.ఇ.జి.-47 అక్కడిదే. శనగ రైతుకు డబ్బు తెచ్చింది, దాన్ని తప్పు పట్టడానికి లేదు. కాని శనగ పొట్టు చొప్ప వాముకు సాటి రాదు. యంత్రంతో కోసిన చోట ఆ పొట్టు కూడా చాలావరకు చేలోనే చెదిరిపోతుంది. ఇక కె.సి. కాలువ కింద నంద్యాల, ఆళ్లగడ్డ వైపు నుంచి ట్రాక్టర్ల మీద వరిగడ్డి కొని తెచ్చుకుంటున్నాము. వరిగడ్డి కడుపు నింపుతుంది గాని పాలు పెంచదు.

పచ్చిమేత వేసుకోవాలని చాలామందికి ఉన్నది. కణుపులు తెచ్చి నాటినవారు, దశరథ గడ్డి విత్తనం చల్లినవారు ఈ సభలోనే ఉన్నారు. సగం మొలవలేదని, మొలిచినవి కలుపులో కలిసిపోయాయని వారే చెబుతారు. దీనికి కారణం మన నేలలోనే ఉన్నది. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బి జిగటవుతుంది, లోపలికి గాలి ఆడదు. ఆరినప్పుడు బిగిసి బీటలు వారుతుంది. వేరు పాతుకున్న పైరుకు ఈ నేల బంగారం. ఇంకా వేరు పట్టని కణుపుకు, ఆవగింజంత విత్తనానికి మాత్రం ఇది కష్టమైన చోటు. తడి ఎక్కువైతే కణుపు కుళ్లుతుంది, తడి ఆరితే పైన పెచ్చు కట్టి మొలక బయటికి రాలేదు. అందుచేత మొక్క మొదటి నెల రోజులు వేరే చోట గడిపి, వేరు కట్టిన తరువాత రేగడిలోకి దిగితే నష్టం తగ్గుతుంది.

మట్టి లేని పెంపకం కొత్త కాదు

మట్టి లేకుండా మొక్క ఎట్లా బ్రతుకుతుందని సందేహం రావచ్చు. వేరుకు కావలసినవి నాలుగు: నీరు, గాలి, ఆనుకొని నిలబడే చోటు, ఆహారం. ఈ నాలుగూ అందితే అది మట్టా, ఇసుకా, పొట్టా అని వేరు అడగదు. మన దేశంలోనే డార్జిలింగు కొండల్లోని కాలింపాంగులో 1946-47 ప్రాంతంలో షోల్టో డగ్లస్ అనే ఆయన కంకర, ఇసుకలలో పోషక లవణాలు వేసి పైర్లు పెంచే పద్ధతి రూపొందించి, బెంగాలు పద్ధతి పేరుతో 1951లో పుస్తకం ప్రచురించాడు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ చెరకుది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్, డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. సంస్థలు కలిసి చేపట్టిన పథకం 2009లో సుస్థిర చెరకు సాగు అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. పాత పద్ధతిలో ఎకరానికి మూడేసి కళ్లున్న ముచ్చెలు 16,000, అంటే 48,000 కళ్లు నేలలో పెట్టేవారు. కొత్త పద్ధతిలో ఒక్కొక్క కన్నును విడిగా తీసి, కొబ్బరి పొట్టు నింపిన ట్రేలలో మొలిపించి, ఎకరానికి 5,000 మొక్కలు నాటుతారు. ఈనాడు మిరప, టమాట నారు నర్సరీలలో షేడ్‌నెట్ కింద ట్రేలలో పెరగడం మీరందరూ చూస్తున్నదే. మిరపకు, చెరకుకు పనికివచ్చిన ఈ పద్ధతి పశుగ్రాసానికీ పనికివస్తుంది.

పేరు ఒకటే, పని వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. మట్టి లేని మేత అనగానే కొందరికి హైడ్రోపోనిక్ యంత్రం గుర్తుకు వస్తుంది. మొక్కజొన్న గింజ నానబెట్టి, తట్టల్లో పోసి, నీళ్లు చిలకరిస్తూ ఉంటే 7, 8 రోజులకు జానెడు పచ్చి మొలక చాపలాగా తయారవుతుంది. కిలో గింజకు 5, 6 కిలోల మేత వస్తుందని అమ్మేవారు చెబుతారు. ఆ తూకం నిజమే. కాని తూకంలో ఉన్నదేమిటో చూడాలి.

కిలో మొక్కజొన్నలో సుమారు 900 గ్రాములు ఎండు పదార్థం. మొలిచిన 6 కిలోల మేతలో ఎండు పదార్థం నూటికి 13 పాళ్లు అనుకుంటే 780 గ్రాములు. మిగతాదంతా నీరు. మొలక ఎత్తేటప్పుడు గింజలోని పిండి కొంత ఖర్చయిపోతుంది కాబట్టి అసలు తగ్గిందే గాని పెరగలేదు. పాలలో నీళ్లు కలిపితే లీటర్లు పెరుగుతాయి, వెన్న పెరగదు. లాక్టోమీటరు వేసే మీకు ఇంతకంటే వివరంగా చెప్పనక్కరలేదు. ఆ మొలకలో విటమినులు ఉంటాయి, పశువు ఇష్టంగా తింటుంది, సెంటు భూమి లేనివారికి కరువు రోజుల్లో కొంత ఆసరా కావచ్చు. కాదనను. కాని తట్టల్లో బూజు పడితే పశువుకు ప్రమాదం, ప్రతి వారం మళ్లీ గింజ కొనాలి. సభ్యుల సొమ్ముతో సంఘం పెద్ద యంత్రం కొనేముందు ఈ లెక్క మహాజన సభలో బోర్డు మీద రాసి అందరికీ చూపాలి.

నేను చెప్పే పని వేరు. ఇందులో మట్టి లేని చోటు మొక్కకు నెలా, నెలన్నర పురిటిల్లు మాత్రమే. తరువాత మొక్క చేలోకి, గట్టు మీదికి, పెరట్లోకి పోతుంది. అక్కడ ఏళ్ల తరబడి మేత ఇస్తుంది.

పొట్టు సిద్ధం చేయడం

కొబ్బరి పీచు తీసే చోట పీచుతో పాటు రాలే పొడినే కొబ్బరి పొట్టు, కోకోపీట్ అంటారు. తన బరువుకు ఐదారు రెట్ల నీరు పట్టుకొని, ఇంకా గాలికి చోటు ఉంచడం దీని గుణం. ఇటుకల్లాగా నొక్కిన దిమ్మలు మార్కెట్లో దొరుకుతాయి. 5 కిలోల దిమ్మను నీళ్లలో నానబెడితే విచ్చుకొని 65, 70 లీటర్ల పొట్టు అవుతుంది.

పొట్టులో రెండు దోషాలు ఉంటాయి. ఒకటి ఉప్పు, రెండవది తేయాకు రంగులో దిగే వగరు పదార్థం. ఈ రెండూ లేత వేరును చంపుతాయి. కాబట్టి దిమ్మను తొట్టిలో నానబెట్టి, గోనె పట్టలో వేసి, పైనుంచి మంచినీళ్లు పోసి రెండు మూడు సార్లు కడగాలి. కిందికి దిగే నీరు తేట అయ్యేవరకు కడగడం మేలు. అనుమానం ఉంటే ఆ నీటిని సీసాలో పట్టి భూసార పరీక్షా కేంద్రంలో లవణ సూచిక చూపించండి. ఒకటికి లోపు ఉండాలి. ఇంటి దగ్గర చేసే పరీక్ష కూడా ఉన్నది. ఒక ట్రేలో కడిగిన పొట్టు, మరొక దానిలో కడిగిన ఇసుక పోసి, రెండింటిలోనూ ఇరవయ్యేసి రాగి గింజలు వేయండి. వారంలో రెండు చోట్లా ఒకేలాగ మొలిస్తే పొట్టు మంచిది.

పాల సంఘాలవారు ముఖ్యంగా గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. పాల క్యాన్లు సోడాతో కడిగిన నీటిని నారుకు పోయరాదు. ఆ సోడా వేరుకు విషం. అట్లాగే ఊళ్లో మంచినీటి ప్లాంటు నుంచి వృథాగా బయటికి వదిలే నీరు కూడా పనికిరాదు, అందులో ఉప్పు మరింత ఎక్కువ.

పొట్టుకు నీరు పట్టుకునే గుణం ఉన్నది గాని దానిలో ఆహారం లేదు. విత్తనానికి పప్పులో, కణుపుకు కాండంలో మొదటి పది పన్నెండు రోజులకు సరిపడ ఆహారం ఉంటుంది. ఆ తరువాత మనం పెట్టాలి. మూడు పాళ్లు పొట్టుకు ఒక పాలు బాగా మాగి జల్లెడ పట్టిన వర్మికంపోస్టు కలిపితే చాలావరకు సరిపోతుంది. ఆకు పాలిపోతే లీటరు నీటికి 3 గ్రాముల 19:19:19 ఎరువు కలిపి వారం పది రోజులకు ఒకసారి చిలకరించాలి. పచ్చి పేడ, సగం మాగిన దిబ్బ ఎరువు కలపవద్దు. అవి వేడెక్కుతాయి, కలుపు గింజలు తెస్తాయి.

తడి ఎంత ఉండాలో చేతితోనే తెలుసుకోవచ్చు. పిడికెడు పొట్టు గట్టిగా పిండితే వేళ్ల సందున రెండు మూడు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువ, ఏమీ రాకపోతే తక్కువ.

విత్తనంతో పెంచేవి

మన ప్రాంతానికి మొదట చెప్పదగింది దశరథ గడ్డి. పేరు గడ్డి గాని ఇది పప్పుజాతి మొక్క. మాంసకృత్తులు ఎక్కువ, పశువుకు కడుపు ఉబ్బరం తేదు, ఒకసారి పాతుకుంటే కొన్నేళ్లు కోతకు వస్తుంది. దీని విత్తనానికి పైపెంకు గట్టి. ఊరికే చల్లితే చాలా గింజలు నీరు పీల్చుకోక అట్లాగే పడి ఉంటాయి. కాబట్టి నీళ్లు మరిగించి దించి, వేడి 80 డిగ్రీలకు తగ్గిన తరువాత విత్తనం పోసి 4, 5 నిమిషాలు ఉంచాలి. వెంటనే ఆ నీరు వంపి చన్నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టాలి. 80 డిగ్రీలు ఎట్లా తెలుస్తుందని అడుగుతారేమో. మరిగే నీటి దాకా కొలిచే థర్మామీటరు ఒకటి సంఘానికి కొని ఉంచితే అందరికీ పనికివస్తుంది. మరుగుతున్న నీళ్లలో విత్తనం వేస్తే ఉడికిపోతుంది, అది చేయవద్దు.

98 గుంతల ట్రేలో గుంతకు రెండు గింజలు, గింజ మందానికి రెండింతల లోతులో పెట్టి, పైన పొడి పొట్టు పలుచగా చల్లాలి. ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చి పాలిథీన్ పట్ట కప్పితే లోపలి తడి, వెచ్చదనం నిలుస్తాయి. మూడవ రోజు నుంచి పట్ట ఎత్తి చూస్తూ ఉండాలి. మొదటి మొలక కనిపించగానే ట్రేలు విడదీసి నీడలో పరచాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి సాగిపోతాయి. ఇట్లా పెంచిన మొక్క 40 రోజులకు నాటడానికి సిద్ధమవుతుంది.

అవిశ విత్తనానికి వేడినీళ్లు అక్కరలేదు, రాత్రి నానబెడితే చాలు. మునగ విత్తనం కూడా సులభంగా మొలుస్తుంది. కాని ఈ రెండింటికీ తల్లివేరు లోతుగా పోతుంది గనుక చిన్న గుంతల ట్రే పనికిరాదు. పొట్టు, వర్మికంపోస్టు నింపిన పాలిథీన్ సంచుల్లో వేసి, నెల దాటకుండా నాటాలి. ఆలస్యమైతే వేరు అడుగున చుట్ట చుట్టుకుంటుంది, అట్టి చెట్టు గాలికి నిలవదు. సుబాబుల్ కూడా వేడినీళ్లతో మొలుస్తుంది గాని దానిలో మైమోసిన్ అనే పదార్థం ఉన్నది. మొత్తం మేతలో మూడో వంతుకు మించకూడదు.

జొన్న, మొక్కజొన్న, అలసందలకు ఈ శ్రమ వద్దు. అవి నేరుగా చేలోనే విత్తుకోవాలి.

కణుపులతో పెంచేవి

సజ్జ, నేపియర్ గడ్డి కలిపి పుట్టించిన సంకర గడ్డి మీకు తెలుసు. మన రాష్ట్రపు ఎ.పి.బి.ఎన్.-1, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన సి.ఓ.-4, సి.ఓ.-5 ఈ జాతివే. ఇవి సంకరాలు కాబట్టి కంకి వేసినా మొలిచే గింజ రాదు. కణుపుతోనో, వేరు పిలకతోనో పెంచవలసిందే. ఈ గడ్డికి విత్తనమని ప్యాకెట్టు ఎవరైనా అమ్మజూపితే కొనవద్దు. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా మీరు ఈ సభకు వచ్చినందుకు ఫలం దక్కినట్టే.

మూడు నెలలు దాటి ముదిరిన కాండం కోసి, కొన లేతభాగం, అడుగు కొయ్యభాగం వదిలి, నడిమి భాగం తీసుకోవాలి. పదునైన కత్తితో ప్రతి కణుపుకూ అటు అంగుళం, ఇటు అంగుళం ఉంచి ఒక్కొక్క కన్ను ముక్కగా కోయాలి. కన్ను నలగకూడదు. లీటరు నీటికి గ్రాము కార్బెండజిమ్ కలిపిన నీళ్లలో పావుగంట ముంచి నీడలో ఆరబెట్టాలి. ఈ పని చేసేటప్పుడు చేతులకు తొడుగు వేసుకోవాలి, మిగిలిన మందునీరు పశువుల తొట్టి దరిదాపుల్లో పారబోయరాదు. తరువాత 50 గుంతల ట్రేలో సగం దాకా పొట్టు పోసి, కన్ను పైకి చూసేటట్టు ముక్కను పెట్టి, పైన అర అంగుళం పొట్టు కప్పాలి. వారంలో కన్ను విచ్చుకుంటుంది. నెలకు మొక్క సిద్ధం. మొదలు పట్టుకొని మెల్లగా లాగితే పొట్టంతా వేళ్లతో అల్లుకొని గడ్డగా ఊడి రావాలి. అదే గుర్తు.

దీనివల్ల లాభం ఏమిటో లెక్క చూద్దాము. పది మంచి కణుపులున్న కాండం నుంచి రెండు కళ్ల ముక్కలైతే ఐదు, ఒక కన్ను ముక్కలైతే పది వస్తాయి. అంటే అదే కాండానికి మొక్కలు రెట్టింపు. రెండడుగుల ఎడంలో నాటితే 10 సెంట్ల చోటుకు సుమారు 1,100 మొక్కలు కావాలి. అవి 22 ట్రేలలో పడతాయి. ఆ 22 ట్రేలకు రెండు మంచాలంత చోటు చాలు. బోర్లలో నీరు అడుగంటే రోజుల్లో 10 సెంట్ల చేనంతా తడపడానికి బదులు నెల రోజుల పాటు రెండు మంచాలంత చోటు మాత్రమే తడుపుతాము. మన ప్రాంతంలో ఇంతకంటే పెద్ద లాభం ఇంకొకటి లేదు.

పరిశోధన క్షేత్రాల్లో సి.ఓ.-4 ఏడాదికి హెక్టారుకు 350 టన్నులకు పైగా ఇస్తుందని చెబుతారు. మన చేలో సగమే వచ్చిందనుకున్నా 10 సెంట్లలో ఏడాదికి 7 టన్నులు, అంటే రోజుకు 19 కిలోలు. నీటి వసతి ఉన్నచోట ఒక ఎనుముకు పచ్చిమేత గడిచిపోతుంది. అయితే ఈ గడ్డిలో ఆగ్జాలేట్లు ఉంటాయి, అవి సున్నపు ధాతువును పట్టేస్తాయి. కాబట్టి ఒంటిగా వేయక, రెండు పాళ్లు గడ్డికి ఒక పాలు దశరథ గడ్డి గాని, అవిశ గాని కలిపి మేపాలి.

ఎప్పుడు వేయాలి, ఎట్లా నాటాలి

మన కార్తెల లెక్కలో చెబుతాను. రోహిణి ప్రవేశించగానే, అంటే మే 25 ప్రాంతంలో, దశరథ గడ్డి ట్రేలు వేయండి. మృగశిరలో, జూన్ 8 ప్రాంతంలో, గడ్డి కణుపులు పెట్టండి. రెండూ జూలై మొదటి వారంలో పునర్వసు నాటికి ఒకేసారి చేతికి వస్తాయి. రోహిణి ఎండలు మీకు తెలియనివి కావు. షేడ్‌నెట్ గాని, వేపచెట్టు నీడ గాని లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. పూటకొకసారి, రోజుకు రెండుసార్లు చిలకరించాలి.

నాటడానికి వారం ముందు నీరు కొద్దిగా తగ్గించి, ట్రేలను పొద్దుటి ఎండకు అలవాటు చేయాలి. నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెడితే వాడిపోతుంది. నేల పదను చూసుకొని సాయంత్రం పూట నాటి, వెంటనే నీరు పోయాలి. పొట్టు గడ్డ మట్టికి పైన తేలి కనపడకూడదు. తేలితే వత్తిలాగా తడినంతా గాలిలోకి లాగేస్తుంది. పైన వేలెడు మట్టి కప్పాలి. మేకలు తిరిగే చోట ముళ్లకంప వేయకపోతే పడిన శ్రమంతా వాటి పాలవుతుంది.

గడ్డి మొదటి కోత 75, 80 రోజులకు, ఆ తరువాత 45 రోజులకొకసారి. దశరథ గడ్డి మొదటి కోత 90 రోజులకు, ఆ తరువాత 40 రోజులకొకసారి, నేల నుంచి మూరెడు ఎత్తు ఉంచి కోయాలి. అవిశను మాత్రం మొదలంటా నరకవద్దు, చచ్చిపోతుంది. కొమ్మలు విరుచుకోవాలి.

సంఘం చేయవలసింది

ఇప్పుడు నా శాఖకు చెందిన మాటకు వస్తాను. ఇంటికొకరు ఒక దిమ్మ, పది ట్రేలు, షేడ్‌నెట్ ముక్క కొనుక్కోవడం దండగ. నెల రోజుల పనికి ఏడాదంతా సామాను మూలపడి ఉంటుంది. ఇది ఉమ్మడిగా చేయదగ్గ పని. ప్రతి సంఘం తన ఆవరణలోనో, పాఠశాల దగ్గరి నీడలోనో ఒక చిన్న నర్సరీ పెట్టుకోవచ్చు.

దానికి పద్ధతి ఉన్నది. ఎవరికి ఎన్ని మొక్కలు కావాలో ముందుగా ఇండెంటు రిజిస్టరులో రాసుకోవాలి. కొంత సొమ్ము ముందుగా జమ చేయించాలి. మిగతాది పాల బిల్లులో పట్టుకోవాలంటే సభ్యుని సంతకం తీసుకొని పట్టుకోవాలి, అడగకుండా కోయరాదు. నర్సరీ జమాఖర్చులు దాణా పద్దులో కలపక వేరే పద్దు తెరవాలి. ట్రేలు, పొట్టు కొనేముందు పాలకవర్గం తీర్మానం, కనీసం మూడు కొటేషన్లు ఉండాలి. ట్రేలు తిరిగి రావాలి. తెచ్చినవారికే మరుసటి ఏడాది మొక్కలు అని నియమం పెడితే తిరిగి వస్తాయి. నీరు పోసి చూసుకునే పని సంఘంలోని ఒక మహిళా సభ్యురాలికి ట్రేకు ఇంత అని కూలి ఇచ్చి అప్పగిస్తే పని నమ్మకంగా జరుగుతుంది.

కణుపుల కోసం ఏటా బయటికి పోనక్కరలేదు. నీరున్న సభ్యుని చేలో 5 సెంట్ల తల్లిమడి పెట్టుకొని, దాని నుంచి అందరికీ ఇవ్వవచ్చు. నూరు మొక్కలు తీసుకున్నవారు మరుసటి ఏడాది రెండు నూర్ల కళ్లు వచ్చే కాండం సంఘానికి తిరిగి ఇవ్వాలి. అప్పుడు రెండవ ఏడు ఎవరూ కణుపు కొనరు.

ఒక సంగతి నొక్కి చెప్పదలచుకున్నాను. పశుగ్రాసం పేరుతో ఏ సాయం వచ్చినా అది బోరున్నవారికి, భూమి ఉన్నవారికి ముందు పోతుంది. రెండు లీటర్లు పోసే భూమిలేని సభ్యురాలు వరుసలో చివర ఉంటుంది. ఆమె పాలూ అదే క్యానులో పడతాయి, ఆమెకూ ఒక్క ఓటు ఉన్నది. కాబట్టి మొదటి విడత మొక్కల్లో కొంత భాగం భూమిలేనివారికి కేటాయించాలి. వారికి రెండు 98 గుంతల ట్రేల దశరథ గడ్డి ఇస్తే, అడుగుకొక మొక్క చొప్పున ఇరవై సెంట్ల చేను ఒక పక్క గట్టుకు మించి, అంటే సుమారు 60 మీటర్ల వరుస వస్తుంది. కౌలు చేను గట్టు మీదనో, చేను యజమాని ఒప్పుకుంటే ఆయన గట్టు మీదనో, పెరటి దడి వెంటనో అది పడుతుంది. యజమానిని ఒప్పించడంలో సంఘం పెద్దలు మాటసాయం చేయాలి. సహకారమంటే అదే కదా.

సభ్యులు అడిగిన సందేహాలు

కొబ్బరి పొట్టు దొరకకపోతే ఎట్లా అని ఒక అన్న అడిగారు. కడిగిన ఏటి ఇసుక కణుపులకు బాగానే పనికివస్తుంది. వరి ఊకను బూడిద కాకుండా నల్లగా మాడ్చి ఇసుకలో సగం కలిపితే తేలికగా ఉంటుంది. అయితే వీటికి నీరు ఎక్కువసార్లు పెట్టాలి.

మా బోరు నీరు ఉప్పన, మేమేం చేయాలని మరొకరు అడిగారు. పాతిక ట్రేలకు రోజుకు కొన్ని బిందెల నీరు చాలు కాబట్టి తాగే నీరే పోయవచ్చు. తొలకరి వానలు పడితే కప్పు మీద నీరు తొట్టిలో పట్టుకుంటే ఇంకా మంచిది. నాటే చేనుకు మాత్రం నీటి పరీక్ష చేయించుకొని దిగండి.

ఒక అక్క అడిగిన ప్రశ్న చాలా మంచిది. మొక్కలు చస్తే డబ్బు ఎవరిదని ఆమె అడిగారు. సంఘం చేతిలో ఉండగా చస్తే సంఘానిది, ట్రే ఇంటికి పోయిన తరువాత సభ్యునిది అని తీర్మానంలోనే రాసుకోవాలి. నూటికి పది పదిహేను పోవడం సహజం గనుక ఇండెంటుకు మించి అన్ని ఎక్కువగా వేసుకోవాలి. ముందే రాసుకున్న మాటకు తగవు రాదు.

ట్రేలలో నారు మొదలు కుళ్లి వాలిపోతున్నదని ఇంకొకరు చెప్పారు. అది నీరు ఎక్కువై గాలి ఆడనప్పుడు వచ్చే తెగులు. నీరు తగ్గించండి, ట్రేలు ఎడం చేయండి, కుళ్లిన మొక్కలు పొట్టుతో సహా తీసివేయండి. పాత పొట్టు మళ్లీ వాడకుండా, ట్రేలు కడిగి ఎండలో ఆరబెట్టి వాడితే చాలావరకు రాదు.

చివరగా మనవి చేసేది ఇది. మొదటి ఏడాదే వెయ్యి ట్రేలు పెట్టాలని ఏ సంఘమూ ఉబలాటపడవద్దు. నలభై, యాభై ట్రేలతో మొదలుపెట్టి, ఎన్ని మొలిచాయి, ఎన్ని నాటారు, పునర్వసు దాటిన మూడు నెలలకు ఎన్ని బ్రతికి ఉన్నాయి అనే మూడు అంకెలు రిజిస్టరులో రాయండి. తరువాత తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకంతో పాటు ఆ పేజీ కూడా నేను అడిగి చూస్తాను. ఇండెంట్లు రోహిణి కార్తెకు నెల ముందే పూర్తి కావాలి, కాబట్టి రాబోయే పాలకవర్గ సమావేశంలోనే ఈ విషయం ఎజెండాలో చేర్చవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాను.